కొండమీది పల్లెకు పిల్లలతో వెళ్లువారికి

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతపు సంఘముల నుండి విశాఖ మన్యానికో, పార్వతీపురం కొండలకో, భద్రాచలం అడవులకో కాపురం మార్చుకొనే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కాపరులు, నర్సులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రోడ్డు పనుల మేస్త్రీలు. బయలుదేరే ముందు వారిలో కొందరు మా ఇంటికి వస్తారు. చలి ఎంత ఉంటుంది, నీళ్లు ఎక్కడివి, ఫోను పలుకుతుందా అని అడుగుతారు. కాఫీ త్రాగి లేచే సమయానికి గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడుగుతారు: "అన్నీ బాగానే ఉన్నాయి అయ్యగారూ, మరి పిల్లల సంగతి?"

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్నకు మాకు తెలిసినంతలో జవాబు వ్రాయుచున్నాము. మేము 2011 జూన్ నుండి 2017 వేసవి వరకు డుంబ్రిగుడ మండలంలోని ఒక కొండ పల్లెలో కాపురమున్నాము. వెళ్లేనాటికి బాబుకు ఎనిమిదేండ్లు, పాపకు అయిదేండ్లు. ఊరి పేరు వ్రాయము. నలభై గడపల ఊరు. వారినడగకుండా పేరు పత్రికకెక్కించుట మర్యాద కాదు. ఆ రోజులలో అది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుండి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

మా జవాబు ముందే చెప్పెదము. పిల్లలు మన వెంట వచ్చే సామాను కాదు. చిన్న ఊరు మొదట చేర్చుకొనేది వారినే. తల్లిదండ్రులను తూచేది కూడ వారినిబట్టే. ఆ తూనికలో మనకు తెలియకుండానే ఆరు నెలలు గడిచిపోతాయి.

రూతు గ్రంథములో ఎలీమెలెకు కరవు వచ్చినప్పుడు భార్యను, ఇద్దరు కుమారులను తీసికొని బేత్లెహేము నుండి మోయాబుకు వెళ్లాడు. ఆ కథ ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. పెద్దల సంగతి అందులో ఉంది. ఆ ఇద్దరు పిల్లలు దారిలో ఏమి అడిగారు, కొత్త ఊరిలో ఎవరితో ఆడుకొన్నారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. మా సామాను లారీకెత్తించే రోజున ఈ సంగతి మాకు మొదటిసారి తట్టింది.

మన ప్రాంతానికి కొండదారి కొత్తది కాదు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున మచిలీపట్నం వచ్చారని, నోబుల్ గారి పాఠశాల 1843లో మొదలైనదని మన సంఘములలో అందరికీ తెలుసు. కోయవారి మధ్యకు వెళ్లినవారి సంగతి అంతగా తెలియదు. 1860 ప్రాంతంలో ఎగువ గోదావరిపై పడవలు నడుపుటకు దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పనులు జరుగుచుండగా, వాటిని చూస్తున్న ఇంజనీరు హేగ్ దొర అక్కడి కోయవారిని గూర్చి భారము కలిగియుండెను. అదే పనులలో ఉద్యోగిగా ఉన్న వెంకటరామరాజు గారు విశ్వాసియై, ఆ కోయవారి మధ్యనే సేవకు నిలిచిపోయారు. 1871లో ప్రభుత్వము ఆ నౌకాయాన పథకాన్ని వదిలివేసింది. ఇంజనీర్లు వెళ్లిపోయారు, రాజు గారు వెళ్లలేదు. తరువాత మచిలీపట్నం నుండి జాన్ కెయిన్ దొర వెళ్లి అక్కడ చాలా ఏండ్లు ఉండి, కోయవారి అలవాట్లను, భాషను గూర్చి పత్రికలలో విపులంగా వ్రాశారు. ఎంతకాలము ఉంటారు అన్నదే కొండవారు అందరినీ అడిగే మొదటి ప్రశ్న అని మాకు అర్థమయ్యాక, రాజు గారి సంగతి మాకు వేరుగా కనబడింది.

దిగువవారు

రాత్రి రైలులో విశాఖ చేరి, తెల్లవారుజామున కిరండోల్ పాసింజరు ఎక్కాము. ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయని ఎవరో చెప్పగా మావాడు కిటికీకి అతుక్కుపోయి లెక్క మొదలుపెట్టాడు. అరకు చేరేసరికి లెక్క తప్పి ఏడ్చాడు. పాపకు అదేమీ పట్టలేదు, "సముద్రం ఎటుంది?" అని అడుగుచున్నది. నాగాయలంక, కోడూరు పొలాలు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉంటాయి. అరకు లోయ తొమ్మిదివందల మీటర్లకు పైన. పుట్టిన నాటినుండి ఎటు చూసినా ఆకాశము నేలను తాకుట చూచిన బిడ్డకు నాలుగు వైపులా కొండలు లేస్తే ఊపిరాడనట్లు ఉంటుంది. కొన్నాళ్లు అది సాయంత్రమైతే చాలు ఏడ్చేది. మొదటి డిసెంబరులో చలికి ఇద్దరూ పొయ్యి దగ్గరనుండి కదలలేదు.

ఊరిలో మా పేరు "దిగువవారు". అందులో తిట్టేమీ లేదు, కాని మెప్పు కూడ లేదు. దిగువనుండి పైకి వచ్చినవారు ఏమి చేశారో ఆ పల్లెల ముసలివారికి ఒక్కొక్క పొలమును చూపించి చెప్పగలిగినంత జ్ఞాపకము. ఉప్పు, కిరసనాయిలు, బట్ట అప్పుగా ఇచ్చి, పంట కోతకు రాకముందే ధర కట్టి, చివరకు పొలమే వ్రాయించుకొన్న షావుకార్లు ఉండేవారు. వారి నుండి గిరిజనులను తప్పించుటకే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. భూమి విషయంలో 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దానిని సవరించి గట్టి చేశారు. అందుకే జనం "వన్ ఆఫ్ సెవంటీ" అంటారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో భూమి ఉంటే, అది గిరిజనునిదే అన్న భావనతో చట్టము మొదలుపెడుతుంది. గిరిజనేతరుడు గిరిజనేతరునికి కూడ అమ్ముటకు వీలులేదు. ప్రభుత్వము సయితం గనుల కొరకు గిరిజనేతరులకు అక్కడి భూమిని లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఇవన్నీ పిల్లల సంగతిలో ఎందుకంటారా? ఉంది కారణం. దిగువనుండి వెళ్లిన మనకు అయిదు సెంట్లు కొనుక్కొని ఇల్లు వేసికొందామన్న ఆశ సహజముగా పుడుతుంది. అక్కడ అది కుదరదు, కుదరకూడదు కూడ. మరొకరి పేర వ్రాయించుకొనుట ఆ ఊరిని మోసగించుటే. కనుక మన పిల్లలు తమ పేర ఒక గజమైనా నేల లేని ఊరిలో పెరుగుతారు. మా బాబు ఒకసారి "మన ఇల్లు ఏది?" అని అడిగాడు. ఊరివారు చూపించిన ఈ ఇంటిలో వారు ఉండనిచ్చినంతకాలం ఉంటాము అని చెప్పాము. వాడు చాలాసేపు ఆలోచించి "అయితే మనం చుట్టాలమా?" అన్నాడు. అంతకన్న బాగా మేమూ చెప్పలేము.

మేము మొదటినుండి పాటించిన కట్టుబాట్లు రెండు. వడ్డీకి గాని, పంట పేరున గాని ఒక్క రూపాయి అప్పు ఇవ్వకూడదు. కొన్నది ఏదైనా సంతలో అందరి ఎదుట, సంత ధరకే కొనాలి. పెరటిలో నాలుగు పనసకాయలు తెచ్చి తక్కువకు ఇస్తామన్నా వద్దన్నాము. కొందరు మమ్మును పిసినారులనుకొన్నారు. అనుకోనివ్వండి. షావుకారి పిల్లలని పేరు పడితే ఆ పిల్లలతో ఎవరూ అరమరిక లేకుండా ఆడుకోరు.

పిల్లలు ముందు, మేము వెనుక

ఆ ఊరి భాష ఆదివాసీ ఒరియా. పై ఊరివారు కువి మాట్లాడుకొంటారు. సంతలో తెలుగు నడుస్తుంది గాని, అది మన కృష్ణా తెలుగు కాదు. ఆడపిల్లను గుంట అంటారు, రాగులను చోళ్లు అంటారు. పాపను ఎవరో "ఏ గుంటా" అని పిలిస్తే గుంటలో ఏమి పడిందోనని తొంగి చూచింది. నాలుగు నెలలు తిరిగేసరికి అది మాకు దుబాసీ అయింది. రోగి మంచము దగ్గర ముసలామె ఏమంటున్నదో అయిదేండ్ల పిల్ల తల్లికి చెప్పేది. పిల్లల తల్లి నర్సు శిక్షణ పొందినది గనుక ఊరివారు జ్వరాలకు, కాన్పులకు పిలిచేవారు. అటువంటి చోట పాప తల్లి కొంగు పట్టుకొని వెళ్లి, ఆమెకంటె ముందు లోపలి గదిలోకి నడిచేది. పెద్దవారిని గుమ్మము దగ్గర నిలిపే ఇల్లు పసిబిడ్డను నిలుపదు.

అందుచేత వెళ్లేవారికి మా మాట: పిల్లలను ఇంట్లో ఉంచి ఇంగ్లీషు పుస్తకాలతో కాపలా కాయకండి. మొదటి ఆరు నెలలు ఆ ఊరి మాటే వారి చదువు. 2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల వాచకాలు మొదలైనవి. బడిలో తల్లిభాష లేకపోతే మొదటి తరగతిలోనే పిల్లలు వెనుకబడుచున్నారని గుర్తించి ఆ పని చేశారు. అక్కడి బిడ్డకు తెలుగు ఎంత కొత్తో మన బిడ్డకు అక్కడి భాష అంత కొత్త. ఒకే పలకపై ఇద్దరూ నేర్చుకొన్నారు.

తిండి విషయంలో పెద్దవారే ఎక్కువ బాధపడతారు. మావాళ్లు చేప లేనిదే ముద్ద దిగని దివిసీమ పిల్లలు. వారం తిరగకముందే చోడి అంబలి, సామబియ్యం, పనసపిక్కల కూర అలవాటైపోయాయి. సంతలో ఎండు నెత్తళ్ల గంప దగ్గరకు వెళ్లినప్పుడు మాత్రము ఇద్దరూ కదిలేవారు కాదు. ఆ వాసనకు మాకు కూడ కన్నులు చెమర్చేవి. సముద్రము అంత దూరము నడిచి వచ్చినట్లుండేది.

పండుగల విషయంలో మా సంఘములలోనే రెండు అభిప్రాయములున్నాయి. చైత్రమాసములో ఇటుకల పండుగ, కొత్త పంట తినే పండుగలు, థింసా ఆటలు వచ్చినప్పుడు మన పిల్లలను తలుపు వేసి లోపల ఉంచాలని కొందరు పెద్దలు అన్నారు. మేము అలా చేయలేదు. పూజకు నిలువము, నైవేద్యము తినము, ఆ మాట ఊరి నాయుడికి వెళ్లిన మొదటి ఏడే చెప్పాము. ఆయన తల ఊపి, మీ దేవుడు మీ ఇష్టం అన్నాడు. తరువాత పిల్లలు చుట్టూ చేరి చూచినా, ఆటలాడినా అడ్డు చెప్పలేదు. మా ఇంట క్రిస్మస్ రోజున వారి పిల్లలు వచ్చి రాత్రంతా ఉన్నారు. తలుపు ఒక వైపునే తెరచుకొనేది కాదు గదా.

నలభై గడపలు, ఎనభై కన్నులు కావు

చిన్న ఊరిలో మన పొయ్యి ఎప్పుడు వెలిగిందో, ఎవరి ఇంట ఏ కూరో అందరికీ తెలుసు. మేము మాట్లాడుకొన్న మాట మరునాడు నీళ్ల గొట్టం దగ్గర వినిపించేది. కొండ ఊటను గొట్టాల ద్వారా దింపిన ఆ కుళాయి దగ్గరే ఊరి వార్తలన్నీ. మొదట్లో ఉక్కిరిబిక్కిరి అయ్యాము. గుడివాడలో పెరిగినవారికి ఇది మరీ కష్టం. దివిసీమ లంకలలో పుట్టినవారికి కొంత అలవాటే.

రెండవ ఏడు మా బాబు ఉండేలుతో గురిచూస్తూ ఉండగా రాయి తగిలి ఒక ఇంటి మేకపిల్ల చనిపోయింది. ఆ ఇంటి కుర్రవాడే మావాడికి ప్రాణస్నేహితుడు. సాయంత్రానికి బారిక వచ్చి కబురు చెప్పాడు. మరునాడు ఉదయం ఊరి నడుమ రాళ్లపై పెద్దలు కూర్చున్నారు. మేము డబ్బు పట్టుకొని వెళ్లాము. నాయుడు డబ్బు వైపు చూడలేదు. "గుంటడు చెప్పాలి" అన్నాడు.

తొమ్మిదేండ్ల పిల్లవాడు నలభై ఇండ్ల పెద్దల మధ్య నిలబడ్డాడు. కాళ్లు వణుకుచున్నవి. వచ్చీరాని ఒరియాలో ఏమి జరిగిందో చెప్పాడు. పిట్టను కొట్టబోయానని చెప్పి, కాదు, మేకనే బెదిరించబోయానని తనకు తానే సరిదిద్దుకొన్నాడు. ఎవరూ కోప్పడలేదు. ఆడవారిలో ఒకామె నవ్వింది. చివరకు మేకపిల్ల ధర, ఒక కోడి తప్పు వేశారు. ఆ కోడిని ఆ రోజే వండి అందరూ తిన్నారు. మావాడు, మేక పోగొట్టుకొన్న కుర్రవాడు ఒకే అడ్డాకులో తిన్నారు.

మేము ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకొన్నాము. మన దిగువ ఊళ్లలో గట్టు తగాదా ఒకటి మొదలైతే తాత పెట్టిన కేసుకు మనుమడు వాయిదాకు వెళ్తాడు. ఒకే చర్చిలో రెండు బెంచీలపై ఇరవై ఏండ్లు మాట్లాడుకోక కూర్చున్న అన్నదమ్ములకు బల్ల ఇచ్చిన కాపరులము మేము. అక్కడ మేక సంగతి ఆ పూటతో ముగిసింది. తరువాత మేము అక్కడ ఉన్నంతకాలము ఒక్కసారి కూడ ఎవరూ ఎత్తలేదు. ఆ ఊరంతా దేవదూతలని మేము చెప్పము. కల్లు త్రాగి భార్యను కొట్టేవారు అక్కడా ఉన్నారు, చిల్లంగి అనుమానము పెట్టుకొని ఒక కుటుంబాన్ని దూరము పెట్టిన సంగతీ చూచాము. దగ్గరగా అల్లుకొన్న ఊరు పట్టుకొన్నప్పుడు ఎంత గట్టిగా పట్టుకొంటుందో, నెట్టివేసినప్పుడు అంత గట్టిగా నెట్టివేస్తుంది.

జ్వరము సంగతి చెప్పక తప్పదు. మన్యంలో మలేరియా ఉంది. మునుపటికంటె తగ్గింది గాని పోలేదు. మెదడుకెక్కే రకము పిల్లలను రెండు మూడు రోజులలో తీసికొనిపోగలదు. మందు పూసిన దోమతెర కట్టని రాత్రి ఒక్కటి కూడ ఉండరాదు. ఒళ్లు వెచ్చబడిన రోజుననే ఆశా కార్యకర్త దగ్గర వ్రేలి చుక్కతో పరీక్ష చేయించవచ్చు, ఫలితము కొద్ది నిమిషాలలో తెలుస్తుంది. మాత్రలు జ్వరము తగ్గగానే ఆపక, చెప్పినన్ని రోజులు మ్రింగించాలి. ప్రార్థన చేయండి, పరీక్ష కూడ చేయించండి. పరీక్షను విశ్వాసలోపమని ఎవరైనా అంటే వారిని మా దగ్గరకు పంపండి.

పాపకు 2013 వర్షాకాలంలో వచ్చింది. వాగు పొంగి జీపు రాలేదు. ఊరివారు దుంగకు దుప్పటి కట్టి డోలీ చేసి, నలుగురు మగవారు వంతులవారీగా మోసి, గిడుగులు కప్పి వాన తడవకుండ దానిని రోడ్డు వరకు చేర్చారు. ముందు కొమ్ము పట్టినవాడు మేక పోగొట్టుకొన్న ఇంటి యజమాని. ఎవరూ పిలువలేదు, ఎవరూ లెక్క చెప్పలేదు. పాప బ్రతికింది. దేవునికి స్తోత్రము.

అయిదవ తరగతి తరువాత

ఎక్కువమందికి కన్నీరు తెప్పించేది ఇక్కడే. ఊరి బడి అయిదవ తరగతితో ఆగిపోతుంది. ఆశ్రమ పాఠశాలలు గిరిజన బిడ్డల కొరకు పెట్టినవి, ఆ సీటు మన బిడ్డకు అడుగుట న్యాయము కాదు. ఉపాధ్యాయ ఉద్యోగములన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడవ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసిన నాటినుండి అక్కడివారి మనసులో ఉన్న నొప్పి కూడ తెలిసి మసలుకోవాలి. వారి భాష తెలిసిన పంతులు బడిలో ఉంటే ఎంత తేడా వస్తుందో మేము కన్నులారా చూచాము.

మేము ఇద్దరు పిల్లలకు రెండు విధాలుగా చేశాము. రెండింటి ఖరీదూ చెప్పెదము.

బాబును 2014 జూన్‌లో మచిలీపట్నంలో హాస్టలులో చేర్చాము. శెలవు రోజులకు నాగాయలంక మామ్మ దగ్గరకు వెళ్లేటట్లు ఏర్పాటు. చదువు బాగా సాగింది. కాని మొదటి మూడు నెలలు వాడు ఎవరితోనూ మాట్లాడలేదని వార్డెను గారు చెప్పారు. తోటి పిల్లలు "కొండోడు" అని పేరు పెట్టారు. కొండమీద దిగువవాడు, దిగువన కొండోడు.

ఆ ఏడే అక్టోబరు 12, ఆదివారము. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరము దాటి నేరుగా మన్యము మీదికి వచ్చింది. తుఫాను అంటే దివిసీమవారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెనలో ఒక్కొక్క కుటుంబమే తుడిచిపెట్టుకుపోయిన ఊళ్ల నుండి వచ్చినవారము. కాని కొండమీద గాలి ఆ విధంగా వీచుట ఆ ఊరి ముసలివారు ఎరుగరు. కాఫీ తోటలపై నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ఒకదానిమీద ఒకటి పడుచున్నవి. మేము ఉన్నవారినందరినీ బడి గదిలోకి చేర్చాము. గాలి ఆగినట్లు అనిపించినా బయటకు వెళ్లవద్దని, తిరిగి వస్తుందని దిగువవారమైన మేము చెప్పగా విన్నారు. మేము ఆ ఊరికి ఉపయోగపడిన కొద్ది సందర్భములలో అదొకటి.

దారులు మూసుకుపోయాయి, కరెంటు లేదు, ఫోను లేదు. మచిలీపట్నంలో మా బాబు అయిదు రోజులు మా సంగతి తెలియక ఉన్నాడు. సముద్రము ఒడ్డున ఉన్నవాడు క్షేమము, కొండమీద ఉన్న మాకు ప్రమాదము. మామ్మ వచ్చి హాస్టలు వరండాలో వాడి పక్కన కూర్చున్నది. ఉప్పెన నాడు ఆమె తన ఇద్దరు అన్నల కొరకు ఎదురుచూచిన మనిషి. వాడికి ధైర్యము చెప్పలేదట, "ఏడ్వు నాన్నా, నేనూ ఏడుస్తాను" అన్నదట. ఆరవ రోజున మేము పడిన చెట్ల మీదుగా నడిచి, ఫోను పలికే చోటికి చేరి మాట్లాడగలిగాము. వాడు మొదట అడిగినది మా గురించి కాదు. తన స్నేహితుని ఇల్లు నిలిచిందా అని.

పాప అయిదు పూర్తిచేసేసరికి 2016. బాబు విషయంలో పెద్దవారము రాత్రిపూట మాట్లాడుకొని నిర్ణయించాము. పాపను మాత్రము పక్కన కూర్చోబెట్టుకొని అడిగాము. అది వెళ్లనన్నది. మండల కేంద్రములోని జిల్లా పరిషత్ హైస్కూలుకు రోజూ షేరు జీపులో పంపాము. లెక్కల పంతులు ఉన్నరోజు ఉన్నాడు, లేనిరోజు లేడు. ఇంగ్లీషు వెనుకబడింది. తరువాత దిగువకు వచ్చాక ఏడాదంతా ట్యూషను పెట్టించవలసి వచ్చింది, ఇప్పటికీ లెక్కలంటే దానికి భయమే. ఇంటిలో మాత్రము ఉన్నది. తల్లి చేతి అన్నము తిన్నది.

ఏది మేలు అని అడుగుతారు. బిడ్డను బట్టి అంటాము. కొంతమందికి ఈ జవాబు నచ్చదు. అయితే ఒక సంగతి గట్టిగా చెప్పగలము: బిడ్డ మూడవ తరగతిలో ఉండగానే ఈ మాట ఇంటిలో మొదలుపెట్టండి, బిడ్డ వినేటట్లు మాట్లాడండి. బదిలీ కాగితాలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, టీకాల కార్డు ప్లాస్టిక్ సంచిలో వేసి వెళ్లే రోజుననే పెట్టెలో పెట్టండి. వానాకాలంలో అక్కడ కాగితము బూజు పట్టుటకు పదిరోజులు చాలు. మామ్మలకు, తాతలకు నెలకొక ఉత్తరము పిల్లల చేత వ్రాయించండి. ఫోను ఉన్నది గదా అనకండి. మా అమ్మగారి పెట్టెలో ఆ ఉత్తరాలన్నీ ఉన్నాయి, పైకి రాలేని ఆమె ఆ ఊరివారి పేర్లన్నీ వాటినుండే నేర్చుకొన్నది.

2017 మే నెలలో సంఘము మమ్మును దిగువకు పిలిచింది. వెళ్తున్నామని చెప్పిన రోజున ఊరిలో ఎవరూ ఏడ్వలేదు. "ఆరేండ్లు ఉన్నారు" అన్నాడు నాయుడు, లెక్క సరిచూచుకొన్నట్లు. పాప స్నేహితురాలు మాత్రము రెండు రోజులు మా ఇంటికి రాలేదు. లారీ కదిలే వేళకు వచ్చి, ఒక గుప్పెడు వలిసెలు గుడ్డలో మూటకట్టి ఇచ్చి వెళ్లిపోయింది.

దిగువకు వచ్చాక పిల్లలు సర్దుకొనుట పైకి వెళ్లినప్పటికంటె కష్టమైంది. దీనిని గూర్చి ఎవరూ చెప్పరు గనుక మేము చెప్పుచున్నాము. పాప ఎదురింటిలోకి పిలువకుండ వెళ్లి అన్నము పెట్టమని కూర్చున్నది. ఆ ఇంటివారు మంచివారు, పెట్టారు, కాని సాయంత్రము వచ్చి మెల్లగా మాతో చెప్పారు. పక్కింటివారు పోయిన రోజున బడికి ఎందుకు వెళ్లాలని అడిగింది. కొండమీద ఒకరు పోతే ఊరంతా ఆ రోజు పొలము ముట్టరు. మూడు వీధుల అవతల సంగతులు మనకు తెలియవమ్మా అంటే, ఎందుకు తెలియవు అన్నది.

బాబు ఇప్పుడు విజయవాడలో ఉద్యోగము చేస్తున్నాడు. పాప నర్సింగు చదువుచున్నది. ప్రతి ఏడు కాఫీ పండ్లు కోసే నవంబరు, డిసెంబరు నెలలలో దానికి పై నుండి ఫోను వస్తుంది. వరండాలో తిరుగుతూ ఒరియాలో గంటసేపు మాట్లాడుతుంది. మాకు సగము అర్థమవుతుంది, సగము కాదు. మొన్న మాట్లాడి వచ్చి కూర్చున్నాక ఏమన్నదని అడిగాము. ధర బాగానే ఉందట, కోతకు మనుషులు చాలడం లేదట, శెలవులు ఎప్పుడని అడిగిందట. పాప అప్పటికే క్యాలెండరు చూస్తున్నది.